జాతరలో జెయింట్ వీల్ పిల్లల్ని ఎక్కించొచ్చా?

దసరాకి శ్రీకాకుళం నుంచి విజయనగరం పుట్టింటికి వస్తున్నామని, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసుకుని పిల్లల్ని ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తామని రాశారు. పదకొండేళ్ళ బాబు జెయింట్ వీలూ, పడవలా ఊగే కొలంబసూ ఎక్కుతానని ఇప్పట్నుంచే పేచీ. ఆరేళ్ళ పాప అన్నయ్య ఏదెక్కితే తనూ అదే ఎక్కుతానంటోంది. మీవారేమో ఫోన్లో ఏదో ప్రమాదం వీడియో చూసి అసలు అటువైపే పోవద్దంటున్నారు. ఇంతకీ ఆ రైడ్లలో మనిషి పడిపోకుండా కాపాడేదేమిటి, ఎక్కించొచ్చా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఎక్కించొచ్చమ్మా. బాబుని రెండూ ఎక్కించండి. పాపని జెయింట్ వీల్ అయితే మీ పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కించండి. కొలంబస్ మాత్రం పాపకి వద్దు, ఎంత ఏడ్చినా వద్దు. కారణం కింద చెప్తాను. ఒక్క షరతు: టికెట్ కొనేముందు ఆ రైడ్ దగ్గర నిలబడి ఒక రౌండు మొదటినుంచి చివరిదాకా చూడండి. చూసింది నచ్చకపోతే ఇద్దరికీ చెరో ఢిల్లీ అప్పడం కొనిపెట్టి ఇంటికి తీసుకొచ్చేయండి.

నాది విజయనగరమే. ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉన్నాను. మొదటి పదమూడేళ్ళు ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్లలో ఫిట్టర్‌ని. చీపురుపల్లి, బొబ్బిలి, శ్రీకాకుళం, పలాస, బోర్డరు దాటి పర్లాకిమిడి. ఒక్కోచోట మూడు వారాలు ఆడించడం, విప్పి లారీలకెక్కించడం, ఇంకో ఊళ్ళో దించి మళ్ళీ బిగించడం. తర్వాత తొమ్మిదేళ్ళు ఒక పార్కులో మెయింటెనెన్స్ చూశాను.

ఏది పాడైనా రైడ్ ఆగిపోవాలి, మనిషిని వదిలేయకూడదు. ఈ యంత్రాల తయారీ అంతా ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. ఒళ్ళోకి దించే కడ్డీయే మనల్ని కాపాడుతోందని అందరూ అనుకుంటారు గానీ అది చివరి కాపలా. మీ చుట్టాల్లో లారీ డ్రైవర్ ఎవరైనా ఉంటే అడిగి చూడండి, గాలి లీకైతే బండి ఏమవుతుందని. కదలదు. వెనక చక్రాల దగ్గర బలమైన స్ప్రింగులుంటాయి, గాలి వాటిని నొక్కిపెట్టి ఉంచుతుంది. గాలి పోయిందంటే స్ప్రింగు ఎగదన్ని బ్రేకు పట్టేస్తుంది. మంచి రైడ్‌లో బ్రేకులూ ఇలాంటివే. బ్రేకు వెయ్యడానికి కరెంటు అక్కర్లేదు, బ్రేకు వదలడానికే కావాలి.

జెయింట్ వీల్‌లో ఇది నేను కళ్ళారా చూశాను. ఒక జాతరలో రాత్రి తొమ్మిదింటికి జనరేటర్ ఆగిపోయింది. లైట్లన్నీ ఒక్కసారి పోయాయి, బ్రేకు పట్టేసింది, వీలు ఉన్నచోటే నిలిచిపోయింది. పైనున్నవాళ్ళు చీకట్లో ఒకటే ఏడుపులు. కింద జనం 'ఇరిగిపోనాది, ఇరిగిపోనాది' అని కేకలు. నిజానికి ఆ రాత్రంతటిలో ఆ వీలు అన్నిటికన్నా క్షేమంగా ఉన్న నిమిషం అదే. బ్రేకుని చేత్తో కొద్దికొద్దిగా వదులుతూ, నలుగురం అంచు పట్టుకుని ఒక్కో తొట్టీ కిందికి తెచ్చాం. ఒక తొట్టి ఖాళీ చెయ్యగానే దాని ఎదురుగా ఉన్నదాన్ని దించుకున్నాం. అందరూ దిగేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒకాయన దిగుతూనే నా కాలర్ పట్టుకున్నాడు. ఆయన ఇద్దరు గుంటలూ పైన ఇరుక్కున్నారు మరి, కోపం రాదా.

ఎదురు తొట్టి అన్నాను కదా, దానికో కారణముంది. జెయింట్ వీల్ ఎక్కేటప్పుడు మీకూ చిరాకేసి ఉంటుంది: పక్క తొట్టి ఖాళీగా ఉన్నా ఎక్కనివ్వరు, సగం చుట్టు తిప్పి అవతలి తొట్టిలో మనుషుల్ని ఎక్కిస్తారు, మీరేమో పైన గాల్లో వేలాడుతూ ఎదురుచూస్తుంటారు. వీలు రెండు వైపులా బరువు సరిసమానంగా ఉంటే ఇద్దరు మనుషులు తోసినా తిరుగుతుంది. ఒకవైపే నిండితే మోటారు, బ్రేకు, ఇరుసు అన్నిటి మీదా భారం పడుతుంది. అమ్మవారి సిరిమానుని యంత్రంతో పోల్చకూడదు, లెంపలేసుకుంటున్నాను, కానీ ఆ చింతమాను కొన మీద పూజారిగారు అంత ఎత్తున ఊగుతుంటే మొదలు దగ్గర పనిచేసే చేతుల్ని చూడండి. బరువు సరితూచే సంగతి అక్కడా అదే. కాబట్టి ఆపరేటర్ మిమ్మల్ని అటూ ఇటూ సర్దుతున్నాడంటే విసుక్కోవద్దు, వాడికి పని తెలుసు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు వరసగా కుక్కేస్తున్నాడంటే అక్కణ్ణుంచి కదలండి.

ఇప్పుడు కొలంబస్. పడవలా అటూ ఇటూ ఊగేది. అది 60 డిగ్రీల దాకా లేచిందనుకోండి. అడుక్కి వచ్చే క్షణంలో 30 కిలోల పిల్లవాడు 60 కిలోల బరువుతో సీటుని నొక్కుతాడు. పైకి పోయి ఆగే క్షణంలో వాడి బరువు 15 కిలోలే. కడుపులో తిప్పినట్టయ్యేది అప్పుడే. పడవ మొనల్లో కూర్చున్నవాళ్ళకి ఇంకా తేలిక, సీటు మీంచి లేచిపోతున్నట్టుంటుంది. కడ్డీతో అసలు పని పడేది ఆ ఒక్క క్షణంలోనే. అందుకే బాబుని నడిమి వరసల్లో కూర్చోబెట్టండి. మొన మీదే మజా అంటాడు, వచ్చే ఏడు చూద్దామనండి.

పెద్దవాళ్ళ పక్కన చిన్నపిల్ల ఉంటే క్షేమం అనుకోవద్దు. ఇది చాలామందికి తట్టని విషయం. కొలంబస్‌లో ఒక వరసకి ఒకే కడ్డీ. కడ్డీ దిగి దిగి అందరికన్నా లావు తొడ ఎవరిదైతే వాళ్ళ మీద ఆగుతుంది. మీరు పాపని పక్కన కూర్చోబెట్టుకుంటే కడ్డీ మీ తొడకి ఆనుకుంటుంది, పాప తొడకీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. బరువు తేలిపోయే ఆ క్షణంలో పిల్ల ఆ ఖాళీలోంచి జారుతుంది. మీరు చెయ్యి అడ్డం పెట్టినా అంత వేగంలో ఆగదు. రైడ్ దగ్గర గోడ మీద గీసే ఎత్తు గీత కూడా ఇందుకే. అది వయసు కోసం కాదు, ధైర్యం కోసం అంతకన్నా కాదు. కడ్డీకి అందే ఒళ్ళు ఉందా లేదా అన్నదే లెక్క. కాలివేళ్ళ మీద నిలబెట్టి గీత దాటించే తల్లిదండ్రుల్ని వందలమందిని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇదే సంగతి పెద్ద పార్కులోనూ ప్రాణం తీసింది. 2022 మార్చిలో అమెరికాలోని ఓర్లాండోలో ఎత్తు నుంచి కిందికి వదిలే రైడ్‌లో 14 ఏళ్ళ కుర్రాడు జారి పడి చనిపోయాడు. భారీ మనిషి. ఆ సీటు కడ్డీ మామూలుకన్నా ఎడంగా ఉన్నా యంత్రం ఒప్పుకునేలా సెన్సార్‌ని ఎవరో సర్దిపెట్టారు. కడ్డీ సరిగ్గా పడిందని చెప్పే లైటు వెలిగింది, కడ్డీ మాత్రం ఒంటికి ఆనలేదు. అందుకే నేను లైటుని కాదు, ఆపరేటర్ చేతిని నమ్ముతాను. ప్రతి కడ్డీనీ పట్టుకుని పైకి ఒక్క గుంజు గుంజి చూడాలి. కడ్డీ లోపల పళ్ళచక్రం, దానికో నాలుక ఉంటాయి. కిందికి దిగేటప్పుడు కటకటమని ఒక్కో పన్నూ దాటుతుంది, వెనక్కి మాత్రం రాదు. గుంజితే రాలేదంటే నాలుక సరిగ్గా పడినట్టు.

ఇక జనానికి కనబడని పని, నా దృష్టిలో అసలైన పని, పొద్దున్న జరుగుతుంది. ఎగ్జిబిషన్ సాయంత్రం నాలుగింటికి తెరిస్తే మేం తొమ్మిదింటికల్లా రైడ్ మీద ఉంటాం. ప్రతి పెద్ద బోల్టు బిగించాక నట్టు మీంచి పక్కనున్న ప్లేటు మీదికి ఒకే పసుపు గీత గీస్తాం. మర్నాడు ఆ గీత విరిగినట్టు కనబడితే నట్టు రాత్రి ఆటలో తిరిగిందన్నమాట. పిన్నులున్నచోట పిన్ను జారకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. బేరింగు మీద పెద్ద స్క్రూడ్రైవర్ ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వినాలి. బాగున్న బేరింగు తేనెటీగలా సన్నగా మోగుతుంది, చెడుతున్నది గులకరాళ్ళు నమిలినట్టు. అన్నీ అయ్యాక తొట్టిల్లో ఇసుక బస్తాలేసి తిప్పడం, తర్వాత మేమే ఎక్కి తిరగడం.

నాకు పని నేర్పిన మేస్త్రీది టెక్కలి వైపు. చదువు లేదు. పొద్దున్నే టీ గ్లాసు చేత్తో పట్టుకుని నా వెనకాలే వచ్చి ఒకటే మాట: "ఏటి సూసినావురా, కంటితోనా, సేత్తోనా?" కంటితో అన్నానంటే మళ్ళీ మొదటి బోల్టు నుంచి.

ఆయన దగ్గర నేను చేసిన తప్పొకటి చెప్తాను. మూడో ఏడు అనుకుంటా. టోరాటోరా అనే గిర్రున తిరిగే రైడ్ చేతుల్లో ఒకదాని బోల్టుకి గీత విరిగి ఉంది. బిగించేశాను, కొత్త గీత గీశాను, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్ళీ విరిగింది. మళ్ళీ బిగించాను. మూడోనాడు మేస్త్రీ కళ్ళబడింది. బోల్టు విప్పించి, రంధ్రంలో వేలు పెట్టి తిప్పమన్నాడు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. వదులైన బోల్టు జబ్బు కాదు, జ్వరం లాంటిది. లోపల ఇంకేదో ఉంటేనే వస్తుంది. నేను రెండు రోజులు జ్వరానికి మాత్రలు వేశాను. ఆ రెండు రాత్రులూ ఆ చేతి మీద మనుషులు తిరిగారు. ఏమీ కాలేదు, కానీ ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు. రైడ్ నాలుగు రోజులు మూసేశాం, యజమాని నా మీద గంతులేశాడు, మేస్త్రీ మాత్రం ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

మన జిల్లాల్లో ఇంకో శత్రువు ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరగా ఆడిన రైడ్ బయటికి కొత్తగా రంగేసి మెరుస్తుంటుంది, గొట్టం లోపల తుప్పు తినేస్తుంటుంది. 2017 జులైలో అమెరికాలో ఒహాయో రాష్ట్ర ఉత్సవంలో ఊగుతూ తిరిగే రైడ్ సీట్ల వరస ఊడి ఎగిరిపోయి ఒక కుర్రాడు చనిపోయాడు. తయారీ కంపెనీ చూసి చెప్పిన కారణం ఉక్కు దూలం లోపలి తుప్పు. ఆ రోజు అధికారులు తనిఖీ చేసి సరే అన్నాకే ఆడించారు. బయట నుంచి కంటికి కనబడదు కదా. మేమైతే సుత్తితో తట్టి చూసేవాళ్ళం. మంచి గొట్టం గంటలా మోగుతుంది, తిన్నది డబ్బాలా చప్పుడవుతుంది. పార్కులో చేరాక మందం కొలిచే మీటరు ఇచ్చారు. పగులు అనుమానం ఉంటే ఎర్ర రంగు పూసి తుడిచి, పైన తెల్లపొడి చల్లితే వెంట్రుక మందం పగులైనా ఎర్రగా పైకి తేలుతుంది. ఎగ్జిబిషన్లలో ఈ పరీక్షలు చేసేవాళ్ళూ ఉన్నారు, ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు. మీకు కనబడే గుర్తొక్కటే: వెల్డింగు అతుకుల దగ్గర రంగు మీంచి గోధుమరంగు నీటిచారలు కారుతుంటే లోపల తుప్పుందని.

నేల సంగతి కూడా. మన పండగ అక్టోబరులో, తుఫాన్లూ అక్టోబరులోనే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనివే. వాన కురిసిన రాత్రి మైదానం మెత్తబడి జెయింట్ వీల్ ఒక కాలు అంగుళం దిగితే చాలు, పైన వీలు అంచు అంగుళాల కొద్దీ పక్కకి వాలుతుంది. అందుకే కాళ్ళ కింద చెక్క స్లీపర్లు పరుస్తారు, వానయ్యాక రసమట్టం పెట్టి చూసి జాకీలతో సరిచేస్తారు. గాలి సెకనుకు 15 మీటర్లు, అంటే గంటకు 54 కిలోమీటర్లు దాటితే మామూలుగా ఇలాంటి రైడ్లు ఆపాలి. గాలి కొలిచే పరికరం లేకపోయినా ఫర్వాలేదు, టెంటు గుడ్డలు టపటపా కొట్టుకుంటుంటే ఎక్కకండి. వాన పడ్డ సాయంత్రం ఇనుప రెయిలింగుని తడిచేత్తో పట్టుకోవద్దని పిల్లలకి చెప్పండి. ఎర్తింగు, లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే బ్రేకరు ఉండాలి. ఉన్నాయో లేదో మీకు తెలిసే దారి లేదు.

హైదరాబాదు పార్కుల్లో రోలర్ కోస్టర్ సంగతి కూడా ఒక ముక్క అడిగారు. దానికి పట్టాల పైన, పక్కన, కింద మూడు రకాల చక్రాలుంటాయి. కింది చక్రం పట్టాని అడుగు నుంచి పట్టుకుంటుంది కాబట్టి బండి ఎగిరిపోదు. 1919లో జాన్ మిల్లర్ అనే అమెరికన్ పేటెంట్ తీసుకున్న ఉపాయం అది. ఎక్కేటప్పుడు కటకటా వినిపించేది గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టే నాలుక చప్పుడు. పట్టాలని భాగాలుగా విడదీసి, ముందు భాగం ఖాళీ అయితేనే వెనక బండిని వదిలేలా కంప్యూటర్ చూసుకుంటుంది. అంతకన్నా వివరం మీకు అక్కర్లేదు, అవి ఎక్కించండి.

కంప్యూటర్‌ని మించి తెలివి చూపిస్తే ఏమవుతుందో మాత్రం చెప్పాలి. 2015 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో ఖాళీ బండి ఒకటి మధ్యలో ఆగిపోయింది. కంప్యూటర్ వెనక బండిని సరిగ్గానే ఆపింది. సిబ్బంది దాన్ని కంప్యూటర్ తప్పనుకుని, ఆ అడ్డు తీసేసి, 16 మంది ఉన్న బండిని వదిలారు. ఇద్దరమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు. కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. యంత్రం వద్దన్నది, మనిషి పోనిచ్చాడు. మన దగ్గర కంప్యూటర్లు లేకపోవచ్చు, ఈ జబ్బు మాత్రం ఉంది. కొన్ని రైడ్లకి ఆపరేటర్ కాలు తీసేస్తే ఆగిపోయే పెడల్ ఉంటుంది, వాడు కళ్ళు తిరిగి పడినా రైడ్ ఆగాలని. ఆ పెడల్ మీద ఇటుక పెట్టి పక్కవాడితో కబుర్లు చెప్పేవాణ్ణి నేను ఒక్కచోట కాదు, చాలాచోట్ల చూశాను. ఒకసారి ఇటుక తీసి అవతల పారేస్తే నన్ను కొట్టడానికి వచ్చాడు.

అనుమతుల గురించి అడిగారు. పోలీసు, ఫైర్, మున్సిపాలిటీ, కరెంటు వాళ్ళ కాగితాలు, ఇంజనీరు ఇచ్చే ఫిట్‌నెస్ ఉండాలి. రైడ్ల భద్రతకి భారతీయ ప్రమాణాల సంస్థ కోడ్ కూడా ఉంది, ఐఎస్ 15475. కాగితం ఉండటం మంచిదే. కానీ అది రైడ్ నిలబెట్టిన రోజుది. మీరు ఎక్కేది పద్నాలుగో రోజు రాత్రి.

అందుకే ఆ ఒక్క రౌండు చూడమన్నాను. ఆపరేటర్ ప్రతి సీటు దగ్గరికీ నడిచి వెళ్ళి కడ్డీ గుంజుతున్నాడా, స్విచ్ దగ్గర కూర్చునే చెయ్యి ఊపుతున్నాడా. రైడ్ తిరుగుతున్నంతసేపూ వాడి కళ్ళు రైడ్ మీదున్నాయా, ఫోన్లో ఉన్నాయా. పూర్తిగా ఆగాకే గేటు తీస్తున్నాడా. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే నా ఇరవై రెండేళ్ళలో నేను ఆస్పత్రికి తీసుకెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తిరిగేటప్పుడు పడ్డవాళ్ళు కాదు, ఆగకముందే దిగబోయి పడ్డవాళ్ళు. పిన్ను ఉండాల్సిన చోట బైండింగు వైరు చుట్టి కనబడిందా, ఇంకేమీ చూడకండి, వచ్చేయండి. తొట్టిలో మీ తలుపు గొళ్ళెం మీరే ఒకసారి లాగి చూసుకోండి. చున్నీ నడుముకి కట్టుకోండి, పాప జడ ముడివేయండి.

బాబు భయపడితే? పైన ఉండగా కేకలేస్తే ఆపరేటర్‌కి పాటల హోరులో వినబడదు. కిందికి వచ్చినప్పుడు చెయ్యి చాచి ఊపమనండి. నేను పనిచేసినచోటల్లా ఊపే చెయ్యి కనబడితే ఆపేవాళ్ళం.

ఇంకొక్కటి. మంగళవారం, సిరిమాను తిరిగిన రోజు రాత్రి మాత్రం వెళ్ళకండి. ఆ రాత్రి లక్షల జనం, క్యూ తోసుకొస్తుంటుంది, యజమాని 'కానీ, కానీ' అంటుంటాడు, రెండు నిమిషాల రౌండు ఒకటిన్నర అవుతుంది, కడ్డీ గుంజే చేతులు పదకొండు గంటలకి అలిసిపోతాయి. నేనూ ఆ చేతుల్లో ఒకణ్ణే. బుధవారమో గురువారమో సాయంత్రం అయిదింటికి వెళ్ళండి. ఎండ తగ్గి ఉంటుంది, జనం ఉండరు, ఆపరేటర్ అప్పుడే టీ తాగి కూర్చుని ఉంటాడు. పైనుంచి కోట కూడా కనబడుతుంది, పిల్లలకి చూపించండి.